నాన్నగారు ఆక్సిజన్ మిషన్ మీద ఉన్నారు, ఇల్లు నాలుగో అంతస్తు. తుపానుకు ముందే ఏం చేసిపెట్టుకోవాలి?

ఎంవీపీ_నివాసి:

అందరికీ నమస్కారం. మేముండేది విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో, అపార్ట్‌మెంట్ నాలుగో అంతస్తు. నాన్నగారికి 72 ఏళ్లు, సీఓపీడీ (ఊపిరితిత్తులు దెబ్బతిని ఎప్పుడూ ఆయాసం ఉండే జబ్బు). వేసవి నుంచి ఇంట్లోనే కాన్సెంట్రేటర్ (గాలి నుంచి ఆక్సిజన్ తీసే కరెంటు మిషన్) మీద ఉన్నారు, డాక్టర్ గారు నిమిషానికి 2 లీటర్ల ఆక్సిజన్ పెట్టమన్నారు. తుంటి ఆపరేషన్ తర్వాత నడక కూడా పోయింది. మంచం మీదే ఉంటారు, గాలి పరుపు వేశాం. అమ్మకు షుగరు, ఇన్సులిన్ తీసుకుంటుంది.

అక్టోబరు వస్తోందంటే నాకు టెన్షన్. హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు నేను హైదరాబాద్‌లో ఉన్నాను. కరెంటు లేక, ఫోన్లు కలవక, పాల ప్యాకెట్టు కోసం క్యూలో నిలబడి వీళ్లు ఎంత అవస్థ పడ్డారో తర్వాత చెప్పారు. అప్పుడు నాన్నగారు గట్టిగానే ఉన్నారు, కింది నుంచి బకెట్లతో నీళ్లు ఆయనే మోశారు. ఇప్పుడు అలాంటిది వస్తే? ఆక్సిజన్ ఏజెన్సీ అతన్ని అడిగితే ‘‘అప్పుడు చూద్దాం సార్, ఫోన్ చెయ్యండి’’ అన్నాడు. ఫోనే పనిచెయ్యదు కదయ్యా అంటే నవ్వి ఊరుకున్నాడు.

బిల్డింగ్‌కి జనరేటర్ ఉంది, కానీ లిఫ్టుకీ మోటారుకీ మాత్రమే. మా ఇంట్లో ఇన్వర్టర్ ఉంది. నెట్‌లో చూస్తే టార్చి, బిస్కెట్లు, కొవ్వొత్తులు అని లిస్టులే తప్ప, మంచాన ఉన్న మనిషిని ఏం చెయ్యాలో ఎవరూ రాయట్లేదు. నర్సింగ్ తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

రిటైర్డ్_సిస్టర్:

బాబూ, నేను గవర్నమెంటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. హుద్‌హుద్ తీరం దాటిన రోజు, 2014 అక్టోబరు 12, ఆదివారం, డ్యూటీలో ఉన్నాను. గంటకు 180 కిలోమీటర్ల గాలి అంటే ఎలా ఉంటుందో ఊళ్లో అందరూ కథలుగా చెబుతారు. వార్డులో మాకు అసలు పని గాలి తగ్గాకే మొదలైంది. ముందు రేకు తెగి కాళ్లు కోసుకున్నవాళ్లు, పాదాల్లో మేకులు దిగినవాళ్లు, పడిపోయిన చెట్టు నరకబోయి చెయ్యి నరుక్కున్నవాళ్లు వచ్చారు. తర్వాత మెల్లిగా రెండో రకం రావడం మొదలైంది. ఇన్సులిన్ ఆగిపోయినవాళ్లు, డయాలిసిస్ తప్పినవాళ్లు, నెబులైజర్ (మందును ఆవిరిలా పీల్పించే మిషన్) పెట్టుకునే దారి లేక ఆయాసంతో కూర్చునే నిద్రపోతున్న పెద్దవాళ్లు. గాలివానలో వీళ్ల ఒంటిమీద గీత కూడా పడలేదు. కాబట్టి మీరు గాలి గురించి కాస్త తక్కువగా, కరెంటు లేని రోజుల గురించి ఎక్కువగా ఆలోచించండి.

నన్నడిగితే పెద్ద తుపాను వస్తుందని తెలిస్తే నాన్నగారిని ఆ నాలుగో అంతస్తులో ఉంచొద్దు. వాతావరణ శాఖ హెచ్చరికలు దశలవారీగా వస్తాయి. 72 గంటల ముందు ఒకటి, 48 గంటల ముందు తుపాను అలర్ట్, 24 గంటల ముందు వార్నింగ్. 48 గంటల కబురు రాగానే కదలండి. ఇంకో పూట చూద్దాం అనుకుంటే లిఫ్టు ఆపేస్తారు, ఆంబులెన్సు దొరకదు. ఎక్కడికి అన్నది ఇప్పుడే తేల్చుకోవాలి. ఆయన్ని చూసే ఊపిరితిత్తుల డాక్టర్ని సూటిగా అడగండి, ‘‘తుపాను హెచ్చరిక వస్తే అడ్మిట్ చేసుకుంటారా, మీ జనరేటర్ ఎంతసేపు నడుస్తుంది’’ అని. కుదరదంటే, జనరేటర్ ఉన్న చుట్టాల ఇల్లు, కింది అంతస్తు, సముద్రానికి దూరంగా చూసుకోండి. గెడ్డ (వాగు) పక్కన ఇల్లు మాత్రం వద్దు, వాన నీళ్లన్నీ అక్కడికే వస్తాయి.

ఉండక తప్పకపోతే సిలిండర్లు కావాలి. ఇళ్లకిచ్చే చిన్న బి టైపు సిలిండర్‌లో సుమారు 1500 లీటర్లు ఉంటుంది. నిమిషానికి 2 లీటర్ల చొప్పున 12 గంటలు వస్తుంది, అంతే. డి టైపు పెద్దది, సుమారు 7000 లీటర్లు, అదే లెక్కన రెండు రోజుల పైన వస్తుంది. ఒక పెద్దదీ ఒక చిన్నదీ ఉంటే నయం. సిలిండర్ తెచ్చి మూలన పెట్టడం కాదు, రెగ్యులేటర్ బిగించి, ఫ్లో మీటర్ చూసి, ఒకసారి వాడి చూడాలి. విప్పే స్పానర్‌ని తాడుతో సిలిండర్ మెడకే కట్టండి. చీకట్లో ఆ స్పానర్ కోసం ఇల్లంతా వెతికినవాళ్లను చూశాను.

ఇంకో మాట. ఆయాసం పెరిగిందని ఆక్సిజన్ ఫ్లో మీ అంతట మీరు పెంచొద్దు. సీఓపీడీలో ఆక్సిజన్ ఎక్కువైతే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ నిలిచిపోయి మత్తుగా పడి ఉంటారు, చూసేవాళ్లు హాయిగా నిద్రపోతున్నారనుకుంటారు. ఈ జబ్బులో రక్తంలో ఆక్సిజన్ శాతం (సాచురేషన్) మామూలుగా 88 నుంచి 92 మధ్య ఉంటే చాలంటారు. మీ డాక్టర్ చెప్పిన అంకె కాగితం మీద రాసి మంచం దగ్గర అంటించండి. ఆ గదిలో కొవ్వొత్తి, దీపం, దోమల చుట్ట వద్దు. ముక్కు పొడిబారిందని కొబ్బరి నూనె, వాజెలిన్ రాయొద్దు, నూనె చేత్తో రెగ్యులేటర్ ముట్టొద్దు.

గాలి పరుపు సంగతి ఎవరికీ గుర్తుండదు. మోటారు ఆగగానే ఆ బుడగలు మెల్లగా చప్పబడిపోయి, మనిషి నడుము పోయి కింది పలకకు ఆనుతుంది. దాని కింద ఇప్పుడే మంచి ఫోమ్ పరుపు వేసి ఉంచండి. కరెంటు పోయాక రెండేసి గంటలకొకసారి పక్కకు తిప్పాలి, రాత్రి కూడా. మీరూ మీ ఆవిడా వంతులు వేసుకోండి. తిప్పినప్పుడల్లా నడుము కింది ఎముక, మడమలు, తుంటి చూడండి. ఎర్రగా ఉన్నచోట వేలితో నొక్కి వదలండి. తెల్లబడి మళ్లీ ఎర్రబడితే ఫరవాలేదు. నొక్కినా ఎరుపు అలాగే ఉంటే పుండు మొదలైనట్టే, ఇక ఆ పక్కన అసలు పడుకోబెట్టొద్దు. చామనఛాయ ఒంటి మీద ఎరుపు కనపడదు, వేలికి వేడిగా, గట్టిగా తగులుతుంది. మడమలు పరుపుకు తగలకుండా పిక్కల కింద దిండు పెట్టండి.

మెట్ల మీద దించాల్సి వస్తే దుప్పట్లో పడుకోబెట్టి మొయ్యకండి. ఆయాసం ఉన్నవాళ్లు వెల్లకిలా ఉండలేరు. చేతులున్న చెక్క కుర్చీలో కూర్చోబెట్టి, ఛాతీ అడ్డంగా తువ్వాలు కట్టి, వెనక ఇద్దరు, ముందు ఇద్దరు పట్టుకోవాలి. ప్లాస్టిక్ కుర్చీ వద్దు, కాలు విరుగుతుంది. తుంటి ఆపరేషన్ అయిందన్నారు కాబట్టి ఎంత వంచొచ్చో డాక్టర్ని ముందే అడగండి. ఆ నలుగురు మనుషులెవరో కూడా ఇప్పుడే అనుకోండి.

గాలి ఒక్కసారిగా ఆగిపోతే అయిపోయిందని బయటికి పరుగెత్తకండి. తుపాను కన్ను పైనుంచి పోతుంటే అలాగే ఉంటుంది. కాసేపటికి అవతలి దిక్కు నుంచి మళ్లీ కొడుతుంది.

కంచరపాలెం_ఎలక్ట్రీషియన్:

సిస్టర్ గారు చెప్పిందానికి కరెంటు లెక్క కలుపుతాను. 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్) బ్యాటరీ ఒకటే అయితే కాగితం మీద 1800 వాట్ అవర్లు. చేతికి వచ్చేది 1200 అనుకోండి. 5 లీటర్ల కాన్సెంట్రేటర్ 350 వాట్ల దాకా లాగుతుంది, మీ మిషన్ వెనక స్టిక్కర్ చూడండి. అంటే మూడు గంటల పైన కొంచెం. ఫ్యాన్లు, టీవీ అన్నీ ఆపేస్తేనే సుమా. కాబట్టి ఇన్వర్టర్‌ని నమ్ముకుని కూర్చోవద్దు. సిలిండర్ మార్చుకునే టైముకి మాత్రం పనికొస్తుంది. ఇన్వర్టర్ సైన్ వేవ్ రకమేనా అన్నది కూడా చూసుకోండి. స్క్వేర్ వేవ్ మీద ఆ మిషన్లు గుర్రుమంటాయి, వేడెక్కుతాయి.

జనరేటర్ నుంచి మీ ఫ్లాట్‌కి ఒక్క 6 ఆంప్స్ పాయింటు లాగించుకోండి, చిన్న పని. అసోసియేషన్ వాళ్లతో ఇప్పుడే మాట్లాడండి. తుపాను వచ్చాక అడిగితే అందరూ ఫోన్ ఛార్జింగుకి అడుగుతారు. ఆ జనరేటర్ స్టిల్ట్‌లో (కింది పార్కింగ్‌లో), గోడల మధ్య ఉంటే పొగ మెట్ల దారిన పైకి వస్తుంది. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, పొగగొట్టం బయటికి ఉందో లేదో చూడండి. డీజిల్ కూడా ముందే నింపించుకోవాలి, కరెంటు లేకపోతే బంకులో పంపు కూడా తిరగదు.

వార్డు_ఏఎన్ఎం:

నమస్తే సార్. నేను ఆరిలోవ వైపు పనిచేస్తాను. తుపాను కబురు రాగానే నెలలు నిండిన గర్భిణుల లిస్టు తీసి ముందే ఆసుపత్రికి పంపించడం మాకు అలవాటైన పని. డయాలిసిస్ వాళ్లవీ, మంచాన ఉన్నవాళ్లవీ పేర్లు కూడా రాసుకుంటాం. కానీ ఆ లిస్టులో అపార్ట్‌మెంట్ల వాళ్లు దాదాపు ఉండరు. కొండవాలు బస్తీలో ఏ గడపలో ఎవరు దగ్గుతున్నారో పక్కింటివాళ్లు చెప్పేస్తారు. మీ గేటు దగ్గర వాచ్‌మన్ ‘‘ఎవరూ లేరమ్మా’’ అని పంపించేస్తాడు. మీరే వార్డు సచివాలయానికి వెళ్లి పేరు, ఫ్లాటు నంబరు, ఎన్ని లీటర్ల ఆక్సిజన్, అంతా రాయించండి. నెట్‌వర్క్ ఉన్నంతసేపు 108 పలుకుతుంది, ఆ తర్వాత కాగితం మీద ఉన్న పేరే పనికొస్తుంది.

గాలివాన అయ్యాక సంపు నీళ్లు క్లోరిన్ వెయ్యకుండా తాగొద్దు, కాచి చల్లార్చుకోండి. మేకు దిగితే ‘‘చిన్నదే’’ అని వదిలెయ్యకుండా ధనుర్వాతం రాకుండా ఇంజెక్షన్ వేయించుకోండి.

గాజువాక_గృహిణి:

మా ఆయన డయాలిసిస్ మీద ఉన్నారు కాబట్టి ఒక్క విషయం రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది. గాలివాన అయ్యాక వీధి నిండా కొబ్బరికాయలే. నీళ్లు దొరక్కపోతే అందరూ అవే కొట్టుకు తాగుతారు, ఇంటికొచ్చిన చుట్టాలు కూడా ‘‘పాపం, నీరసంగా ఉన్నాడు, ఇవ్వండి’’ అంటారు. కిడ్నీ పేషెంటుకు అదే ప్రమాదం. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, డయాలిసిస్ తప్పిన సమయంలో గుండెకే ముప్పు. అరటిపండు, బత్తాయి రసం కూడా అంతే. తుపాను చెబితే మేం సెంటరుకు ఫోన్ చేసి టర్న్ ముందుకు జరిపించుకుంటాం. ఆలస్యమైతే నీళ్లు, ఉప్పు బాగా తగ్గించేస్తాం.

ఎంవీపీ_నివాసి:

సిస్టర్ గారూ, ఇంత ఓపిగ్గా రాసినందుకు చాలా థాంక్సండీ. ఇంకో రెండు అడుగుతాను. ఫ్రిజ్ ఆగిపోతే అమ్మ ఇన్సులిన్ ఏం చెయ్యాలి? రెండోది, అమ్మ ఇల్లు వదిలి రానంటోంది. ‘‘హుద్‌హుద్‌కే కదల్లేదు, ఇప్పుడెందుకు’’ అంటోంది.

రిటైర్డ్_సిస్టర్:

ఇన్సులిన్‌కి కంగారు పడకండి. వాడుతున్న సీసాగానీ పెన్నుగానీ ఫ్రిజ్‌లో లేకపోయినా, ఎండ తగలకుండా చల్లగా ఉంచితే చాలా రకాలు 28 రోజుల దాకా పనిచేస్తాయి, మీ అట్టపెట్టె మీద చూసుకోండి. తెరవని సీసాలకు చల్లదనం కావాలి. ప్లాస్టిక్ డబ్బాలో మూత బిగించి, ఆ డబ్బాని నీళ్లున్న మట్టికుండలో పెట్టండి. ఐసు ముక్కల మీద నేరుగా పెట్టొద్దు, గడ్డకడితే ఇక అది పారెయ్యాల్సిందే. అన్నం వేళకు దొరకని రోజుల్లో తినకుండా భోజనం ముందు డోసు వేసుకోకూడదు. చెమటలు పట్టి, చేతులు వణికితే గ్లూకోజ్ పొడి నీళ్లలో కలిపివ్వండి. అది అమ్మ దగ్గరే, కొంగుకు అందేలా ఉంచండి.

అమ్మగారిని బతిమాలకండి. నాన్నగారి మందులు, చీటీలు, డిశ్చార్జి సమ్మరీ, ఆరోగ్యశ్రీ కార్డు ఒక ప్లాస్టిక్ సంచిలో సర్దిపెట్టమని ఆవిడకే అప్పజెప్పండి. ఆ సంచి ఎవరి చేతిలో ఉంటే వాళ్లు ఆయన వెంటే వెళ్లాలి. ఈ వంక మీద వార్డుల్లో చాలామంది ఆడవాళ్లని ఇల్లు కదిలించాం.

ఎంవీపీ_నివాసి:

సిలిండర్లు తెచ్చాను, వేరే ఏజెన్సీలో. బిగించి చూశాను. పెద్దదానికి ఇచ్చిన స్పానర్ పట్టలేదు, మార్పించాను. డాక్టర్ గారు అడ్మిషన్‌కు సరే అన్నారు, కానీ బెడ్ ఖాళీని బట్టి అన్నారు, అందుకే విజయనగరంలో మా పిన్నిగారి ఇల్లు కూడా మాట్లాడి ఉంచాను. సచివాలయంలో పేరు రాయించాను. అసోసియేషన్‌లో మాత్రం జనరేటర్ లైను దగ్గరే ఆగింది, డీజిల్ ఖర్చు ఎవరిదని సెక్రటరీ గారు అడుగుతున్నారు.

కంచరపాలెం_ఎలక్ట్రీషియన్:

ఆ పాయింటుకి సబ్ మీటరు పెట్టించండి సార్. ఎంత తిరిగితే అంత కట్టేస్తామని రాసివ్వండి, ఇక ఆయనకి అడ్డు చెప్పడానికి ఏమీ ఉండదు. మీ బిల్డింగ్‌లో నెబులైజర్ వాడేవాళ్లు, చంటిపిల్లలున్నవాళ్లు ఇంకెవరైనా ఉన్నారేమో అడిగి వాళ్లని కూడా మీటింగ్‌కి తీసుకెళ్లండి.