సంకేతం ఆజ్ఞాపిస్తుందా, నిలువరిస్తుందా?

ప్రశ్న (తార్నాక నుంచి):
తెలుగు మాధ్యమంలో ఇంటర్ చదివే పిల్లల కోసం మెదడు ఏర్పడే తీరుపై వ్యాసం రాస్తున్నాను. పిండంలో నాడీకణాలను పుట్టించే కణాలను ‘నాడీ జనక కణాలు’ అన్నాను. తర్వాతి వాక్యం: ‘ఎప్పుడు విభజన చెందాలో, ఎప్పుడు నాడీకణంగా మారాలో సంకేతాలు ఆజ్ఞాపిస్తాయి.’ ఈ క్రియ సరైనదేనా?

జవాబు (హబ్సిగూడ, జీవశాస్త్ర అధ్యాపకుడు):
‘జనక కణం’ చక్కగా ఉందమ్మా. క్రియ మాత్రం మార్చండి. కణం పైపొర మీద ఉండే నాచ్ అనే ప్రోటీన్ అందుకునే సంకేతాన్నే చూడండి. నాడీకణంగా మారబోయే కణం తన పైపొర మీద డెల్టా అనే ప్రోటీన్‌ను ఎక్కువగా ఉంచుకుంటుంది. అది పక్క కణం మీది నాచ్‌తో కలిసినప్పుడు నాచ్ లోపలి భాగం తెగి, కేంద్రకంలోకి వెళ్లి హెస్ జన్యువులను మేల్కొలుపుతుంది. అవి నాడీకణంగా మార్చే జన్యువులను అణచి ఉంచుతాయి. దాంతో పక్క కణం జనక కణంగానే మిగిలి, విభజన కొనసాగిస్తుంది. ఎలుక పిండంలో హెస్1 లేకపోతే ఆ కణాలు తొందరపడి నాడీకణాలైపోతాయి, జనక కణాల నిల్వ తరిగిపోతుంది. ఇందులో ఆజ్ఞ ఎక్కడుంది? ఉన్నది నిలువరింపు. ఈ మాట నాకు ప్రాణం. ఆగిన కణానికి తన వంతు తర్వాత వస్తుందన్న ఆశ అందులో ఉంది. దీన్నే ‘పార్శ్వ నిరోధం’ (పక్క కణాన్ని అడ్డుకోవడం) అన్నప్పుడు తలుపు శాశ్వతంగా మూసినట్టు వినిపిస్తుంది.

మల్కాజిగిరి నుంచి:
అన్ని సంకేతాలూ నిలువరించవు కదండీ. చిన్నమెదడులో పర్కింజి కణాలనే పెద్ద నాడీకణాలు విడుదల చేసే సోనిక్ హెడ్జ్‌హాగ్ అనే సంకేత ప్రోటీన్, కణికా కణాలనే చిన్న నాడీకణాల జనకాలను విభజనకు పురికొల్పుతుంది. ఆ దారి అదుపు తప్పితే పిల్లల్లో మెడుల్లోబ్లాస్టోమా అనే కణితి రావచ్చు. ఇక్కడ ‘పురికొల్పడం’ అనే రాయాలి.

మరొకరు:
నాచ్‌ను ‘గంటు’ అనకూడదా?

హబ్సిగూడ అధ్యాపకుడు:
వద్దండీ. రెక్క అంచున గంటు పడిన పండ్ల ఈగలను చూసి 1910లలో పెట్టిన పేరది. ఇప్పుడు ఆ ప్రోటీన్‌కు సొంత పేరు. మల్కాజిగిరివారి మాటతో ఏకీభవిస్తున్నాను.

తార్నాక నుంచి:
ఇద్దరికీ కృతజ్ఞతలు. వాక్యం ఇలా మార్చాను: ‘కొన్ని సంకేతాలు జనక కణాన్ని విభజనకు పురికొల్పుతాయి, కొన్ని అది నాడీకణంగా మారకుండా కొంతకాలం నిలువరిస్తాయి.’ ‘కొంతకాలం’ అన్నది మాత్రం ఎవరు అడిగినా తీసేయను.