అప్‌డేట్: కుడి హెడ్‌లైట్ తల ఎత్తింది

రెండు వారాల కిందట అడిగింది నేనే. నా కారు కుడి హెడ్‌లైట్ వెలుగు బంపరు ముందు నేలకే పరిమితమైంది, డ్యాష్‌బోర్డు మీద లైట్ల ఎత్తు మార్చే 0–3 చక్రం తిప్పినా కదలదు, ఎడమది మాత్రం కదులుతుంది. ఫ్యూజు చూడమన్నారు కొందరు. నా కారులో రెండింటికీ ఒకే ఫ్యూజు; అది పోతే ఎడమది ఎలా కదులుతుంది? అయినా చూశాను, బాగానే ఉంది.

లైట్లు వేసి, ఎత్తు సరిచేసే మోటారు ప్లగ్గు విప్పి మల్టీమీటరు పెట్టాను. మూడు తీగలు: ఒకదానిలో 12 వోల్టులు, ఒకటి ఎర్త్, మూడోదానిలో చక్రం తిప్పిన ప్రతిసారీ వోల్టేజి మారుతోంది. వైరింగు నిర్దోషి. మోటారును పావు చుట్టు తిప్పి బయటికి లాగి, ప్లగ్గు మళ్లీ పెట్టి చూస్తే, దాని కొసన గోళీలాంటి బుడిపె బుద్ధిగా ముందుకూ వెనక్కూ జరిగింది! దోషి లోపల దొరికింది: ఆ బుడిపెను పట్టుకోవలసిన, రిఫ్లెక్టరు (బల్బు వెలుగును ముందుకు మళ్లించే అద్దంలాంటి గిన్నె) వెనకాలి చిన్న ప్లాస్టిక్ పట్టుగిన్నె పెళుసెక్కి రెండు ముక్కలైంది. మెకానిక్ లైటు మొత్తం మార్చాలన్నాడు. పాత సామాన్ల దుకాణంలో పగిలిన లైటు నుంచి ఆ పట్టుగిన్నె ఒక్కటీ ఊడదీసి ఇచ్చారు, టీ ఖర్చుకు.

బిగించడమే అసలు పరీక్ష. బుడిపెను నెట్టిన కొద్దీ రిఫ్లెక్టరు ముందుకు జారిపోతుంది. బల్బు తీసి, ఆ రంధ్రం అంచును వేలితో నా వైపు లాగి పట్టుకుంటే టక్కున కూర్చుంది. మెరిసే పూతకు మాత్రం వేలు తగలనివ్వకండి.

తర్వాత చక్రం 0లో పెట్టి, కారును గోడకు 10 మీటర్ల దూరంలో నిలిపి, గోడ మీద లో బీమ్ (డిమ్) వెలుగు పై అంచు లైటు ఎత్తుకన్నా 10 సెంటీమీటర్లు కిందికి పడేలా సరిచేశాను. నిన్న రాత్రి సూర్యాపేట దాకా వెళ్లొచ్చాను. ఎదురొచ్చిన లారీలేవీ లైట్లు కొట్టలేదు.