బానిసల వ్యాపారాన్ని ఆపింది ఒప్పందాలా, ఫిరంగులా?

పాతపటం:
బ్రెజిల్‌కి బానిసల రవాణా ఆగిందంటే అది బ్రిటన్ దౌత్యం గొప్పే అంటారు చాలామంది. నాకు మింగుడుపడదు. ఈ వ్యాపారం ఆపేస్తానని 1826లోనే బ్రెజిల్ బ్రిటన్‌తో ఒప్పందం మీద సంతకం పెట్టింది. 1831లో సొంత చట్టమూ చేసింది, బయటి నుంచి తెచ్చిన బానిసలు ఇక స్వతంత్రులేనని. అంతా తూతూమంత్రం. 1840ల చివర్లో ఏటా దాదాపు 50 వేల మందిని దింపుకున్నారు. 1850లో బ్రిటిష్ యుద్ధనౌకలు బ్రెజిల్‌లోని పరనగ్వా రేవులోకి చొరబడి ఓడలు పట్టుకున్నాయి. ఆ సెప్టెంబరులోనే గట్టి చట్టం వచ్చింది, 1852కల్లా లెక్క 700కి పడిపోయింది. ఎవరు ఆపినట్టు?

కోస్తాగాలి:
ఆ నౌకలు ఏ కాగితం చూపించి వచ్చాయండీ? బ్రెజిల్ ఓడలను ఆపి సోదా చేసే తనిఖీ హక్కు గడువు 1845లో తీరిపోయింది. అప్పుడు బ్రిటన్ పట్టుకున్నది మీరు తీసిపారేస్తున్న 1826 ఒప్పందాన్నే. ఈ వ్యాపారం సముద్రపు దోపిడీతో సమానమని అందులో ఉంది. దాని ఆధారంగానే, బ్రెజిల్ బానిస ఓడలను పట్టుకోవచ్చంటూ అబర్డీన్ చట్టం చేసుకుంది.

ఇంకోటి. మొదట్లో స్పెయిన్ ఓడలో బానిసలు కనిపిస్తేనే పట్టుకోవాలి. ఆఫ్రికా తీరంలో ఖాళీగా కాచుకుని ఉన్న ఓడ జోలికి వెళ్ళడానికి లేదు. 1835లో స్పెయిన్‌తో బ్రిటన్ చేసుకున్న ఒప్పందంతో అది మారింది. సంకెళ్ళు, సిబ్బందికి అక్కర్లేనన్ని నీళ్ళ పీపాలు, అదనపు అంతస్తు వేయడానికి సిద్ధంగా పెట్టిన పలకలు, మరీ పెద్ద వంట పాత్ర... ఇవి దొరికినా చాలు, ఓడను కోర్టుకు ఈడ్చవచ్చు. గుప్పెడు మంది నావికులకు పెళ్ళివంట డేగిసా ఎందుకు మరి? ఆ షరతు రాయించింది ఫిరంగి కాదు, బల్ల దగ్గర కూర్చుని బేరమాడినవాళ్ళు.

ఉప్పునీరు:
అమెరికా సంగతి మరిచిపోయారు. తమ ఓడలను బ్రిటన్ తనిఖీ చేయడానికి వీల్లేదని దశాబ్దాలపాటు మొండికేసింది. దాంతో దొంగ వ్యాపారులంతా అమెరికా జెండా ఎగరేసుకుని తిరిగారు. 1862లో లింకన్ ప్రభుత్వం ఒప్పుకుంది. తర్వాత కొన్నేళ్ళకే స్పెయిన్ వలస అయిన క్యూబాకి బానిసల రవాణా చచ్చిపోయింది. అమెరికా మీద బ్రిటన్ ఒక్క గుండు పేల్చిందా?

కోరంగి కుర్రాడు:
బ్రిటన్‌ని మరీ మోయకండి బ్రదర్. బానిసత్వం రద్దు చేసి 2 కోట్ల పౌన్లు యజమానులకిచ్చారు, బానిసలకు పైసా లేదు. మారిషస్ చెరకు తోటలకి మా కోరంగి రేవు నుంచి కూలీలను ఎక్కించింది ఆ తర్వాతే.

ఉప్పునీరు:
నిజమే, కానీ అది వేరే చర్చ. ఉద్దేశం మంచిదా కాదా అని కాదు, ఏది పనిచేసిందని అడుగుతున్నాం.

పాతపటం:
క్యూబా దగ్గర ఒప్పుకుంటా. అమెరికాతో యుద్ధం పెట్టుకునే ధైర్యం లేక బేరమాడారు, బ్రెజిల్ మెతగ్గా కనిపిస్తే మీద పడ్డారు. 1831 చట్టం మాత్రం చెత్తకాగితమే.

కోస్తాగాలి:
బ్రెజిల్‌లోని లూయిజ్ గామాని అడగాల్సింది ఆ మాట. పదేళ్ళ వయసులో కన్నతండ్రే బానిసగా అమ్మేశాడు. పెద్దయ్యాక చదువుకుని, ఆ చెత్తకాగితాన్నే కోర్టుల్లో పెట్టి వాదించి, 500 మందికి పైగా విడిపించాడు.

పాతపటం:
అదంతా ఎక్కువగా 1860లు, 70ల్లో. ఈలోగా ఏడు లక్షల మందికి పైగా దిగిపోయారు. వాళ్ళకేం ఒరిగింది?

కోస్తాగాలి:
చాలామందికి ఏమీ ఒరగలేదు. మరి ఆ చట్టమే లేకపోతే, ఆ 500 మంది తరఫున గామా ఏం పట్టుకుని కోర్టుకెక్కేవాడు?