నాలుగు డిస్కులకు రెయిడ్ 5 సరిపోతుందా?

హంద్రీ_స్టూడియో (కర్నూలు):
మాది పెళ్ళి వీడియోల స్టూడియో. 8 టెరాబైట్ల డిస్కులు నాలుగు పట్టే నాస్ పెట్టె (నెట్‌వర్కుకు తగిలించే నిల్వ పెట్టె) కొన్నాము. డిస్కు పోయినా డేటా నిలిచేలా వాటన్నిటినీ కలిపి వాడే పద్ధతి రెయిడ్ కదా. ఒక డిస్కు పోయినా తట్టుకునే రెయిడ్ 5 పెడితే 24 టెరాబైట్లు చేతికి వస్తాయి, రెండు పోయినా తట్టుకునే రెయిడ్ 6 గానీ, డిస్కులను నకళ్ళ జతలుగా ఉంచే రెయిడ్ 10 గానీ పెడితే 16 మాత్రమే. పెళ్ళివారు ఏళ్ళు గడిచాక కూడా ఫుటేజీ అడుగుతుంటారు కాబట్టి 8 టెరాబైట్లు వదులుకోవడానికి మనసొప్పడం లేదు. రెయిడ్ 5 వద్దని అందరూ అంత గట్టిగా చెప్పడానికి కారణముందా?

పెన్నా_తీరం (కడప):
ఉందండి. మూడు డిస్కులలోని బిట్లు 1, 0, 1 అయితే నాలుగో దానిలో వాటి పారిటీగా (మొత్తం 1ల లెక్క సరిసంఖ్య అయ్యేలా చేర్చే బిట్‌గా) 0 ఉంటుంది. రెండో డిస్కు పోయినప్పుడు మిగిలిన 1, 1, 0లను బట్టి పోయినది 0 అని తేలుతుంది. చిక్కు వచ్చేది కొత్త డిస్కు పెట్టి రీబిల్డ్ చేసేటప్పుడే, అంటే పోయిన డేటాను తిరిగి లెక్కగట్టి దానిలో రాసేటప్పుడే. మిగిలిన మూడింటిలోని 24 టెరాబైట్లనూ ఒక్క తప్పు లేకుండా చదవాలి. మామూలు డిస్కుల స్పెసిఫికేషన్లలో చాలావరకు వంద లక్షల కోట్ల బిట్లకు, అంటే సుమారు 12.5 టెరాబైట్లకు, చదవలేని లోపం ఒకటి రావచ్చని రాసి ఉంటుంది. మూడింటినీ ఒకేసారి చదువుతూ, ఒక్కో డిస్కుకు సెకనుకు 150 మెగాబైట్ల వేగం చివరిదాకా నిలిచినా ఈ పని దాదాపు 15 గంటలు పడుతుంది. ఒకే రోజు, ఒకే దుకాణంలో కొన్న డిస్కులు ఆ ఒత్తిడిలో వెంటవెంటనే పోయే అవకాశం కూడా ఉంది.

గుత్తి_కోట (అనంతపురం):
పెన్నా_తీరం గారి గుణకారం సరైనదే గానీ, 12.5 టెరాబైట్లకు ఒక లోపం అన్న అంకె కంపెనీ చెప్పే గరిష్ఠ పరిమితి, సగటు కాదు. అదే సగటైతే నెలనెలా స్క్రబ్ (డిస్కులన్నీ మొత్తం చదివి సరిచూసే పని) నడిపే ప్రతి పెట్టెలోనూ లోపాలు బయటపడుతూనే ఉండాలి. నేను నిర్వహించే వాటిలో అలా జరగడం లేదు. పైగా జెడ్‌ఎఫ్‌ఎస్ వంటి ఫైల్ సిస్టమ్‌లు ఒక సెక్టారు (డిస్కులోని చిన్న ముక్క) చదవలేకపోతే పాడైన ఫైలు పేరు చెప్పి ముందుకు సాగుతాయి, మొత్తం చేతులెత్తేయవు. నాకు అంతకన్నా భయం కరెంటు కోతలది. డేటా రాసి పారిటీ రాయకముందే కరెంటు పోతే, ఆ రెండూ పొంతన లేకుండా మిగిలిపోతాయి. రెయిడ్ ఏదైనా యూపీఎస్ తప్పనిసరి. డిస్కులు ఎస్‌ఎంఆర్ రకానివైతే (ట్రాకులను కొంత ఒకదానిపై ఒకటి పడేలా రాసేవి, తిరగరాయడం నెమ్మది) రీబిల్డ్ ఎన్నాళ్ళు సాగుతుందో చెప్పలేము, ముందు అది చూసుకోండి.

పెన్నా_తీరం:
స్క్రబ్ గురించి ఒప్పుకుంటాను. అయినా నాలుగు డిస్కులకు నా ఓటు రెయిడ్ 6కే. అందులో ఏ రెండు పోయినా డేటా నిలుస్తుంది. రెయిడ్ 10లో పోయిన రెండూ ఒకే జతవైతే అంతా పోయినట్లే.

కేసీ_కాలువ (కర్నూలు):
ఇంతసేపూ డిస్కు చెడిపోవడం గురించే మాట్లాడుకున్నాము. 1988లో బర్కిలీలో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ ఈ రెయిడ్ పద్ధతిని ప్రతిపాదించినప్పుడు వారి ముందున్న ప్రశ్న, ఖరీదైన పెద్ద డిస్కు చేసే పనిని చవకైన చిన్న డిస్కుల గుంపుతో ఎలా చేయించాలన్నది. పొరపాటున తుడిచిన ఫోల్డరు, ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్, దొంగతనం ఆ ప్రశ్నలో లేవు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ నీళ్ళు కర్నూలును ముంచెత్తినప్పుడు, నీళ్ళు చేరిన గదిలో ఎన్ని డిస్కులు ఉంటే అన్నీ మునిగేవే కదా. రెండు డిస్కులను ఒకదానికొకటి నకలుగా, అంటే మిర్రర్‌గా స్టూడియోలో ఉంచి, మిగిలిన రెండింటిలో కాపీ తీసి నంద్యాలలోనో మరో ఊళ్ళోనో బంధువుల ఇంట్లో పెట్టండి.

గుత్తి_కోట:
కాగితం మీద బాగుంది. వరుస ముహూర్తాల నెలలో ఆ డిస్కును ఊరు దాటించి తెచ్చేది ఎవరు? పైగా మిర్రర్‌లో మిగిలేది 8 టెరాబైట్లే. అది నిండిన రోజు మళ్ళీ ఈ ప్రశ్నే వేస్తారు.

హంద్రీ_స్టూడియో:
8 టెరాబైట్లు మాకు ఒక సీజనుకు కూడా చాలవు, కేసీ_కాలువ గారూ.

కేసీ_కాలువ:
అయితే రెయిడ్ 5 పెట్టుకోండి, నాకు అభ్యంతరం లేదు. కానీ ఎడిట్ అయిన తుది వీడియోలు రా ఫుటేజీలో చిన్న భాగమే. కనీసం వాటికైనా విడిగా ఒక డిస్కు కొని బయట ఉంచండి. రా ఫుటేజీని డెలివరీ రోజునే పెళ్ళివారి హార్డ్ డిస్కులోకి ఎక్కించి ఇచ్చి, మీ దగ్గర ఎన్నాళ్ళు ఉంచుతారో బుకింగ్ రసీదు మీదే రాయించండి.