అమెరికా యూదు ఓటర్ల సర్వేకి 800 మంది ఎక్కడ దొరుకుతారు?

స్వాతి: అమెరికా యూదులు ఎవరికి ఓటేస్తారో తెలుసుకునే సర్వే డిజైన్ చేయాలి, శాంపిల్ 800. ఆన్‌లైన్ ప్యానెల్ (పాయింట్ల కోసం సర్వేలు నింపేవాళ్ల జాబితా) కొనేసి మతం అడిగి వడపోస్తే చాలదా? 2024లో కమలా హారిస్‌కు ఎగ్జిట్ పోల్ 78 శాతం దాకా ఇస్తే అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ ఓటర్ల సర్వే ‘ఏపీ ఓట్‌కాస్ట్’ 66 దగ్గరే ఆగింది. ఇంత తేడా ఏమిటి?

రఘు: చాలదండీ. ప్యూ పరిశోధన సంస్థ 2020 లెక్కలో అమెరికా వయోజనుల్లో యూదులు 2.4 శాతం, అంటే వెయ్యికి 24 మంది. మిగతా 976 మందిలో ఒక్క శాతం, పాయింట్ల కోసం ఏదో ఒకటి నొక్కేసే రకం, ‘యూదు’ అని నొక్కినా పదిమంది తేలతారు. 34 జవాబుల్లో పది దొంగవి! అందుకే "మీరు యూదులా?" అని సూటిగా అడగొద్దు. మతాలన్నీ జాబితాగా ఇవ్వండి, మీరు ఎవరి కోసం వెతుకుతున్నారో తెలియనివ్వొద్దు. ఏ మతమూ లేదన్నవాళ్లను మళ్లీ అడగాలి: "మతం పక్కన పెడితే మిమ్మల్ని యూదులుగా అనుకుంటారా? అమ్మానాన్నల్లో ఎవరైనా యూదులా?" ఇది వదిలేస్తే యూదుల్లో నాలుగో వంతుకు పైగా జారిపోతారు.

ఎగ్జిట్ పోల్ సంగతంటారా, అక్కడ యూదుల శాంపిల్ చిన్నది. 250 మంది ఉన్నారనుకున్నా అంకె ఆరు పాయింట్లు అటూ ఇటూ కావొచ్చు, వెయిటింగ్ (శాంపిల్‌ను జనాభా వాటాలకు సరిచేయడం) కలిస్తే ఏడెనిమిది. ఆ అంకె మీద టీవీ చర్చలు పెట్టడం వృథా.

జానకి: రఘు గారి మాటకు తోడు, ఆర్థడాక్స్ వాళ్లను, అంటే మతాచారాలు కచ్చితంగా పాటించే యూదులను, చూసుకోండి. అదే ప్యూ 2020 లెక్కలో యూదు వయోజనుల్లో 9 శాతమే, కానీ వాళ్లలో 75 శాతం రిపబ్లికన్ల వైపు. మొత్తం యూదుల్లో 71 శాతం డెమొక్రాట్ల వైపు. ఆన్‌లైన్‌లో మాత్రమే వెతికితే 9కి బదులు 3 శాతమే దొరకొచ్చు. అప్పుడు రిపబ్లికన్ వాటా మూడు పాయింట్లు తగ్గి కనిపిస్తుంది. శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం రాత్రి దాకా వాళ్ల విశ్రాంతి దినం (సబ్బాత్), అప్పుడు ఫోన్లు ఆపాలి. నవంబర్ ఎన్నికకు ముందే రోష్ హషానా, యోమ్ కిప్పూర్, సుక్కోత్ అనే యూదు పండుగలు వరసగా వస్తాయి. ఆ రోజుల్లో ఫోన్ ఎత్తనివాళ్లు సరిగ్గా ఈ ఆచారపరులే.

స్వాతి: కోహెన్, లెవీ, కప్లాన్ లాంటి యూదు ఇంటిపేర్లతో ఓటర్ల జాబితా నుంచి తీస్తే చవక కదా?

జానకి: చవకే. అయితే తండ్రి యూదు కానివాళ్లు, పెళ్లితో ఇంటిపేరు మారినవాళ్లు తప్పిపోతారు. దాన్ని అదనపు శాంపిల్‌గానే వాడండి, ప్రధాన శాంపిల్ చిరునామాల నుంచి తీసి ఉత్తరాలు పంపండి. ప్యూ 4,718 మంది కోసం 68 వేలకు పైగా మందిని వడపోసింది, బడ్జెట్ అక్కడ లెక్కేసుకోండి.

రఘు: ఓటు ప్రశ్న ముందు పెట్టండి, ఇజ్రాయెల్ ప్రశ్నలు ఆ తర్వాతే. తిరగేస్తే ఆ ఊపులోనే ఓటు జవాబు చెప్పేస్తారు.