పార్కింగ్‌లో టైల్స్ కుంగిపోయాయి, కాంట్రాక్టర్ ఫోన్ ఎత్తట్లేదు. ఎవరైనా చెప్పండి ప్లీజ్

కొత్తిల్లు_మేడిపల్లి: సాయంత్రం ఆరింటి నుంచి వీడియోలు చూస్తూనే ఉన్నా, ఇప్పుడు రాత్రి ఒంటిగంట. ఒకాయన పైన ఇసుక పోస్తే చాలంటాడు, ఇంకొకాయన మొత్తం పీకేసి స్టాంప్డ్ కాంక్రీట్ (పైన అచ్చుతో డిజైన్ కొట్టే కాంక్రీట్) వేయించమంటాడు. బుర్ర పనిచేయట్లేదు. మార్చిలో ఇంటి ముందు పార్కింగ్‌కి టైల్స్ వేయించాం. 18 బై 20. మెటీరియల్, లేబర్ అంతా కలిపి అడుగు 75కి మాట్లాడుకున్నాం. 27 వేలల్లో 20 వేలు ఇచ్చేశా. జూన్‌లో రెండు వానలు పడ్డాయో లేదో మధ్యలో గాడిలా దిగిపోయింది, నీళ్ళు అక్కడే నిలుస్తున్నాయి. అడిగితే "మీ నేల మంచిది కాదు సార్" అన్నాడు. ఆ తర్వాత ఫోనే ఎత్తట్లేదు. మొత్తం తీసేసి తాండూరు బండలు వేయించమంటారా? నమ్మకమైన కాంట్రాక్టర్ ఉంటే నంబర్ ఇవ్వండి.

గజంబద్ద: కింద ఏమేశారు?

టైల్_మేస్త్రి_ఉప్పల్: బ్రదర్, పార్కింగ్ టైల్‌కి కింద పీసీసీ (ఇనుము లేని సాదా కాంక్రీట్ పొర) లేకపోతే అంతే సంగతులు. రూపాయి బిళ్ళతో ఒక్కో టైల్ మీద కొట్టి చూడండి. బోలు శబ్దం వస్తే కింద సిమెంట్ పట్టలేదని అర్థం. అలాంటివి మాత్రం తీసి మళ్ళీ అతికిస్తే సరిపోతుంది.

కొత్తిల్లు_మేడిపల్లి: పీసీసీ ఏం వేయలేదండి, ఇసుక మీద పేర్చారు. జిగ్‌జాగ్ మోడల్, ఎరుపు, బూడిద రంగు.

టైల్_మేస్త్రి_ఉప్పల్: అవి టైల్స్ కాదు బ్రదర్, పేవర్ బ్లాకులు, ఒకదానికొకటి ఇరికించి పేర్చే కాంక్రీట్ దిమ్మలు! ఇందాకటి నుంచి నేను చెప్పిందంతా మర్చిపోండి.

కొత్తిల్లు_మేడిపల్లి: మా వీధిలో అందరూ టైల్స్ అనే అంటారు. వాడు ఇచ్చిన చీటీ మీద కూడా "సిమెంట్ టైల్స్" అనే ఉంది.

టైల్_మేస్త్రి_ఉప్పల్: సిమెంట్ టైల్స్ అంటే గళ్ళగళ్ళ చెకర్డ్ టైల్స్. అవి వేరే. చీటీ మీద అలా రాయించుకుంటే రేపు గొడవైనప్పుడు వాడు ఏదిచ్చినా సిమెంట్ టైలే అవుతుంది. మందం రాశాడా?

కొత్తిల్లు_మేడిపల్లి: రాయలేదు.

ఇంకుడుగుంత: నీళ్ళు నిలుస్తున్నాయని బాధపడుతున్నారు గానీ, ఆ నీళ్ళు పోవడానికి చోటెక్కడ ఉంచారు? గేటు నుంచి గుమ్మం దాకా గడ్డిపరక మొలిచే సందు లేకుండా కప్పేసి, వేసవిలో బోరు ఎండిపోయిందని ట్యాంకర్ కోసం లైన్లో నిలబడతాం. నీరు, భూమి, చెట్లను కాపాడే వాల్టా చట్టం వచ్చింది 2002లో. ఇన్నేళ్ళయినా ఇంకుడు గుంత అంటే ఇంటి పర్మిషన్ కోసం ప్లాన్‌లో గీసే డబ్బా అనుకుంటున్నాం. మీరు ఇసుక మీద పేవర్లు వేయించడం ఒకందుకు మంచిదే, సందుల్లోంచి కాస్తయినా దిగుతుంది. దయచేసి స్టాంప్డ్ కాంక్రీట్ జోలికి పోకండి. మా కాలనీలో...

గజంబద్ద: కింద ఏమేశారని అడిగాను.

కొత్తిల్లు_మేడిపల్లి: మట్టి మీద రెండు ట్రాక్టర్ల మొరం వేసి చదును చేశారు. దాని మీద స్టోన్ డస్ట్ (రాతి పొడి), ఇందాక ఇసుక అన్నది దాన్నే.

పల్నాటి_నాపరాయి: మొరం అంటే మా వైపు గ్రావెల్ అంటాం, అదేనా? అడిగినదానికి వస్తే, పేవర్లు పీకి బండలు వేయించుకోండి. మా తాతల నాటి వాకిట్లో నాపరాళ్ళు ఇప్పటికీ కదల్లేదు.

బండలబజార్: తాతల కాలంలో వాకిట్లోకి వచ్చింది ఎడ్లబండి అన్నా, ఇన్నోవా కాదు. కింద గట్టిగా లేకపోతే పేవర్ కుంగుతుంది, బండైతే పగుల్తది. కుంగిన పేవర్‌ని తీసి మళ్ళీ పెట్టొచ్చు, పగిలిన బండని ఏం చేస్తవ్? నేను బండలు అమ్మేవాణ్ణి, నేనే చెప్తున్న. ఇంకోటి, తాండూరు రాయి వేయిస్తే బాత్రూం యాసిడ్‌తో కడగొద్దు. అది సున్నపురాయి, తినేస్తది. పాలిష్ పెట్టిస్తే వానకి జారుతది.

పల్నాటి_నాపరాయి: తాండూరుది కూడా నాపరాయే కదా.

బండలబజార్: మా దగ్గర షాబాద్ అంటరు.

పల్నాటి_నాపరాయి: షాబాద్ ఉన్నది కలబురగి జిల్లాలో. తాండూరు వికారాబాద్ జిల్లా. తాండూరు రాయిని షాబాద్ అని అమ్ముతున్నారన్నమాట.

బండలబజార్: పేరు షాబాద్, రాయి తాండూరు. హైదరాబాద్‌ల అందరికీ తెలుసు. నువ్వు నాపరాయి అని అడిగితే ఇక్కడ ఏ బండల దుకాణంల అర్థం కాదు.

బేతంచెర్ల_వాడు: నాపరాయి అంటే అర్థం కాదా? మా ఊరికొచ్చి అడుగు.

గజంబద్ద: కుంగింది మొత్తమా, ఒక గీతలాగానా? ఎక్కణ్ణుంచి ఎక్కడికి?

కొత్తిల్లు_మేడిపల్లి: గీతలాగే, రెండడుగుల వెడల్పుంటుంది. గేటు దగ్గర మొదలై సంపు దాకా. సంపు ఈశాన్యంలో ఉంది.

వాస్తు_అభిమాని: ఈశాన్యం పల్లంగా ఉండటం మంచిదే కదా 🙂

గజంబద్ద: నల్లా పైపు?

కొత్తిల్లు_మేడిపల్లి: అవును. మొరం వేశాక నల్లా కనెక్షన్ వచ్చింది. వాళ్ళు తవ్వి పైపు వేసి మట్టి కప్పేసి వెళ్ళారు. తర్వాత వారానికి బ్లాకులు వేశాం. నీళ్ళు రాని రోజుల్లో ట్యాంకర్ లోపలికి వస్తుంది. ఇదంతా దీనికి సంబంధం ఉంటుందనుకోలేదు.

గజంబద్ద: అదే.

రిటైర్డ్_ఏఈ: గజంబద్ద గారు పట్టుకున్నది సరైనదే, పైపు కోసం తవ్వి వదులుగా కప్పిన మట్టే కుంగింది. బాబూ, ఐదు వేల లీటర్ల ట్యాంకర్ అంటే నీళ్ళ బరువే ఐదు టన్నులు, బండి బరువు వేరే. పేవర్ బ్లాకుల ప్రమాణం ఐఎస్ 15658, దాని 2006 నాటి పాత కూర్పులో తేలికపాటి వాహనాలకు 60 ఎంఎం మందం, ఎం35 గ్రేడ్ (కాంక్రీట్ బలం) అని ఉండేది. మధ్యరకం రాకపోకలకు 80 ఎంఎం, ఎం40. అంచున ఒక బ్లాకు ఊడదీసి టేపుతో కొలవండి. 50 ఉంటే అది నడకదారికి వేసేది, మిగతా డబ్బు ఇచ్చేముందు అది మాట్లాడుకోవాలి. 60 ఉంటే మొత్తం పీకాల్సిన పనిలేదు. ఆ గీత వెంట, అటూ ఇటూ ఒకడుగు కలిపి బ్లాకులు తీయించి పక్కన పెట్టండి, అవే మళ్ళీ పనికొస్తాయి. కప్పిన వదులు మట్టి పైపు దాకా తీసేయాలి. పైపు చుట్టూ ఇసుక, ఆపైన ఆరంగుళాల పొరలుగా మొరం, ప్రతి పొరకీ తడిపి దిమ్మిస కొట్టాలి. పైన కంకర, డస్ట్ కలిపి గట్టిపరిచి, ఆఖరున అంగుళం నుంచి అంగుళంన్నర ఇసుక మాత్రమే. పల్లం పూడ్చడానికి ఇసుక మందంగా పోస్తే వచ్చే వానకి మళ్ళీ ఇదే కథ. ప్లేట్ వైబ్రేటర్ (అదురుతూ నేలని అదిమే యంత్రం) తిప్పించి, సందుల్లో పొడి ఇసుక ఊడ్పించండి. అంచుల్లో కర్బ్ కట్టారా? వాలు గేటు వైపు పది అడుగులకు రెండు, రెండున్నర అంగుళాలు ఉండాలి. అన్నిటికంటే ముందు ఒక మాట: ట్యాంకర్ చక్రం సంపు మూత మీదికి ఎక్కనివ్వకండి. రోడ్డు మీదే ఆపించి పైపు లాగించుకోండి.

కొత్తిల్లు_మేడిపల్లి: వైబ్రేటర్ తేలేదు సార్. ఇద్దరు కుర్రాళ్ళు చెక్క సుత్తితో కొట్టారు. కర్బ్ అంటే?

ఇంకుడుగుంత: తవ్వించేటప్పుడు పనిలో పనిగా గేటు పక్కన ఒక ఇంకుడు గుంత...

టైల్_మేస్త్రి_ఉప్పల్: కర్బ్ అంటే బ్లాకులు పక్కకి జరగకుండా అంచున కట్టే గట్టు. ఒక్క గీత సరిచేయడానికి ఏ కాంట్రాక్టరూ రాడు బ్రదర్, చిన్న పని. రోజు కూలీకి మేస్త్రిని పెట్టుకుని వైబ్రేటర్ అద్దెకు తెచ్చుకోండి. ఈసారి పని ముగిశాక ఒక వాన చూశాకే చివరి వాయిదా ఇస్తానని ముందే చెప్పండి.

బండలబజార్: బేతంచెర్ల అన్న, మీ రాయి అంగుళం మందంల దొరుకుతదా?

కొత్తిల్లు_మేడిపల్లి: కొలిచా, 60 ఉంది. థాంక్స్ అందరికీ. మిగతా ఏడు వేలు ఇస్తానని మెసేజ్ పెడితే కాంట్రాక్టర్ వెంటనే ఫోన్ చేశాడు. ఆదివారం వస్తాడట. ఏ ఆదివారమో చెప్పలేదు.

బేతంచెర్ల_వాడు: దొరుకుతుంది. లోడు ఎంత కావాలి?