కుందేలుకు ఆగని తుమ్ములు, ఏం చేయాలి?

ప్రశ్న: మా కుందేలు నాలుగు రోజులుగా ఒకటే తుమ్ములు, ముక్కు నుంచి చిక్కటి తెల్ల చీమిడి కారుతోంది, ముందు కాళ్ల లోపలివైపు బొచ్చంతా అట్టకట్టింది. ఇంట్లో పిల్లల అమాక్సిసిలిన్ సిరప్ ఉంది, రెండు చుక్కలు వేయొచ్చా? పక్క బోనులో గినీ పిగ్ ఉంది, అదొక టెన్షన్.

జవాబు 1: ఆ సిరప్ అస్సలు వేయకండి! కుందేలు పేగుల్లోని మంచి బ్యాక్టీరియా చచ్చిపోయి, విరేచనాలు పట్టుకుని ప్రాణం మీదికొస్తుంది. ఇది పాశ్చురెల్లా అనే బ్యాక్టీరియాతో వచ్చే రోగంలా ఉంది, ముక్కు కాళ్లతో తుడుచుకుంటుంది కాబట్టే ఆ అట్టలు. డాక్టరుకు చూపించండి, మందులు వారాల తరబడి వాడాల్సి రావచ్చు.

జవాబు 2: ముందు గినీ పిగ్‌ను వేరే గదిలోకి మార్చండి. బోనులో ఉచ్చ కంపు ఘాటుగా ఉంటే ఆ అమ్మోనియాకే ముక్కు దెబ్బతిని రోగం ముదురుతుంది, మా దానికి అదే అయింది, ఇప్పుడు కింద పరిచిన గడ్డి రోజూ మారుస్తున్నాం.

జవాబు 3: గేదెలకు వానాకాలంలో వచ్చే గొంతువాపుకూ ఈ పాశ్చురెల్లా సూక్ష్మజీవే కారణం, కాకపోతే రకం వేరు. తుమ్ములు తగ్గినా ఇది ముక్కులోనే దాక్కోవచ్చు, జత కోసమని ఇంకో కుందేలును ఇప్పుడే తేకండి.